గడ్డి కప్పు నుంచి శ్లాబు దాకా: చలి మన్యంలో మన ఇంటి కప్పు ఎవరి చేతిలో ఉంది?



పోయిన డిసెంబర్లో మా ఊళ్లో ఒక శ్లాబు దిగింది. కూలిపోలేదు, అదృష్టం. నడిమధ్య వేలెడంత కిందికి వంగింది, అడుగున ఈ గోడ నుంచి ఆ గోడ దాకా బీట తీసింది. ఆ ఇల్లు మాలో ఒకరి మేనత్తది. ఒంటరి మనిషి. కాంట్రాక్టరు మైదానం నుంచి వచ్చాడు. శ్లాబు పోసిన ఎనిమిదో రోజుకే సెంట్రింగు విప్పేసి, కర్రలూ రేకులూ వ్యానుకెత్తుకుని ఇంకో ఊరికి పోయాడు. "అప్పుడే తీసేస్తున్నారేటి?" అని అడిగితే, "కింద అందరికీ ఇలాగే తీస్తాం" అన్నాడు.

అతను అబద్ధం చెప్పలేదు. కింద అలాగే తీస్తారు. కానీ మనం కింద లేం కదా.

ఇప్పుడు ఆ కొత్తింటి మధ్యలో గుంజ పాతి శ్లాబుకి ఆనించాం. అందులో రాజ్మా బస్తాలు పడుకుంటున్నాయి, అత్త మాత్రం పాత వంటపాకలో పడుకుంటోంది. ఈ ఏడు మా ఊళ్లో ఇంకో పదకొండు ఇళ్లకు మంజూరు వచ్చింది. అదే కాంట్రాక్టరు మళ్లీ ఫోన్లు చేస్తున్నాడు. అప్పుడు మేమంతా కూర్చుని ఒక ప్రశ్న వేసుకున్నాం. తాతల కాలంలో ఇంటి కప్పు వేయడానికి మనం ఎవరి కోసమూ ఎదురుచూడలేదు. మరి ఇవాళ ఎవరో వచ్చి వేస్తే తప్ప మన నెత్తిన కప్పు లేదన్న స్థితి ఎలా వచ్చింది? ఆ చరిత్రే ఇది. చివర్లో పనికొచ్చే ముక్కలు కూడా ఉన్నాయి, ఓపిగ్గా చదవండి.

కప్పు కొనని కాలం

పాడేరు, చింతపల్లి, అరకు, జీకే వీధి వైపు చలి ఎలా ఉంటుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. లంబసింగి సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. డిసెంబర్, జనవరిల్లో తెల్లారుజామున సున్నా దగ్గరికి దిగిన రోజులున్నాయి. టూరిస్టులు మంచు చూడ్డానికి వస్తారు. మనం ఆ మంచు కింద నిద్రపోవాలి. అందుకే మన పెద్దోళ్లకి ఇల్లంటే ముందు కప్పు, తర్వాతే గోడ.

పాత ఇల్లు గుర్తు తెచ్చుకోండి. నడుమ నిట్రాడు, దాని మీద దూలం, రెండు వైపులా వాసాలు, వాటికి అడ్డంగా వెదురు పెండెలు. కట్టడానికి మేకులుండవు, అడ్డ నార. పైన రెల్లు గడ్డో బోద గడ్డో, మోచేతి లోతున ఒత్తుగా పేర్చిన కప్పు. చూరు ఎంత కిందికి దిగుతుందంటే పెద్దోళ్లు వంగి లోపలికి పోవాలి. అది చేతకాక కాదు. ఈదురుగాలి లోపలికి దూరకుండా, జడివాన మట్టిగోడకి తగలకుండా అలా దించేవాళ్లు.

గడ్డిలో మందం కంటే గాలి ఎక్కువ. పోచ పోచకీ మధ్య, పోచ లోపల కూడా కదలని గాలి ఉంటుంది. కదలని గాలి వేడిని బయటికి పోనివ్వదు. గొంగడి పని చేసేది కూడా అందుకే. రాత్రంతా పొయ్యిలో దుంగ మగ్గుతూ ఉంటే ఆ వెచ్చదనం కప్పు కిందే నిలిచేది. పొగ మాత్రం గడ్డిలోంచి మెల్లగా బయటికి పోయేది. పోతూ పోతూ గడ్డికి పురుగు పట్టకుండా, అటక మీద దాచిన విత్తనాలకి పుచ్చు పట్టకుండా చూసేది. కప్పు, పొయ్యి, అటక మూడూ కలిసి ఒకే ఏర్పాటు అన్నమాట. దీన్ని ఏ ఇంజనీరూ గీయలేదు, చలే నేర్పింది.

ఆ కప్పు వేసిందెవరు? ఊరు. పంట కోతలయ్యాక, ఎండలు ముదిరి వానలు రాకముందు, ఈ వారం వీళ్లింటికి, వచ్చే వారం వాళ్లింటికి. గడ్డి కోసేవాళ్లు కొందరు, మోసేవాళ్లు కొందరు, పైకెక్కి పేర్చే చెయ్యి తిరిగిన ముసలాయన ఒకరు. కూలి లేదు. ఇంటివాళ్లు చోడి అంబలి, కూర, జీలుగు కల్లు పెట్టేవాళ్లు. రేపు నీ ఇంటికి నేనొస్తానన్న మాటే జీతం. పని చెడగొట్టినవాడు ఎక్కడికీ పారిపోలేడు, ఎందుకంటే అతనూ ఆ ఊళ్లోనే ఉండాలి. ఇవాళ "నమ్మకమైన కాంట్రాక్టరు" అని వెతుకుతున్నాం కదా, ఆ నమ్మకం అప్పుడు మనిషి మంచితనం మీద ఆధారపడలేదు, ఊరి కట్టుబాటు మీద నిలబడింది.

అలాగని పాత కప్పుని దేవుడిలా మొక్కక్కర్లేదు. రెండు మూడేళ్లకోసారి మార్చాలి. తేళ్లు, పాములు, ఎలుకలు. పొగకి ఆడవాళ్ల కళ్లు, ఊపిరితిత్తులు పాడయ్యేవి. ఒక ఇంటికి నిప్పంటుకుంటే వరసంతా పోయేది. పక్కా కప్పు కావాలని మన అమ్మమ్మలు కోరుకోవడంలో తప్పేం లేదు.

అడవికి గేటు పడ్డాక

గడ్డి కప్పు పోవడానికి నిప్పు ఒక్కటే కారణం కాదు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అప్పటిదాకా ఇంటి వెనకున్న అడవి రిజర్వు అడవి అయింది. పోడు కొట్టడం, కలప, వెదురు తెచ్చుకోవడం అన్నీ అనుమతి వ్యవహారాలయ్యాయి. ఇంటికి వాసం కావాలంటే గార్డుని బతిమాలాలి, లేదా ఏదో ఒకటి ఇచ్చుకోవాలి. ఇల్లు కప్పుకోవడం నేరమైపోతుందని మన పూర్వీకులు ఎప్పుడైనా అనుకున్నారా?

"కాంట్రాక్టు" అనే మాట మన కొండలకి ఇళ్లతో రాలేదు. రోడ్డుతో వచ్చింది, కలపతో వచ్చింది. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు కొండ రోడ్డు పనులు జరిగినప్పుడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మనోళ్లని చాలీచాలని కూలికి బలవంతంగా పనిలో పెట్టాడన్నది చరిత్రలో నమోదైన విషయమే. అతని వల్ల నష్టపోయినవాళ్లలో గాం గంటం దొర, గాం మల్లు దొర సోదరులున్నారు. అల్లూరి సీతారామరాజు వెనక మన్యం కదిలిందంటే ఆ కడుపుమంట పెద్ద కారణం. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు జరిగాయి. పుస్తకాల్లో తుపాకుల సంగతే ఎక్కువ రాస్తారు. ఆ తుపాకుల వెనక ఎగ్గొట్టిన కూలి ఉందని మనం మర్చిపోకూడదు.

ఇది ఒక్క విశాఖ మన్యం కథ కాదు. గోదావరి ఒడ్డున కొండరెడ్ల మధ్య తిరిగిన హైమెన్‌డార్ఫ్ 1945లో రాసిన "ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్" పుస్తకంలో కలప, వెదురు వ్యాపారుల కింద కొండరెడ్లు ఎలా నలిగారో ఉంది. అడవి వాళ్లది, గొడ్డలి వాళ్లది, చెమట వాళ్లది. లెక్క పుస్తకం మాత్రం వేరేవాడిది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

స్వాతంత్ర్యం వచ్చాక మాచ్‌ఖండ్ విద్యుత్ ప్రాజెక్టు, 1960ల్లో కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం, ఐదో పంచవర్ష ప్రణాళిక (1974–79) కాలంలో ఐటీడీఏలు వచ్చాయి. బడి, హాస్టలు, ఆసుపత్రి, రోడ్డు అన్నీ కాంట్రాక్టు పనులే. అలా కాంట్రాక్టరంటే కింద నుంచి వచ్చేవాడు, మనమంటే రాళ్లు మోసేవాళ్లం అన్న అలవాటు రెండు మూడు తరాలు నడిచింది.

పెంకు, రేకు, సిమెంటు రేకు

గడ్డి తర్వాత వచ్చింది పెంకు. మొదట కుమ్మరోళ్లు కాల్చిన నాటు పెంకులు, తర్వాత మిషను పెంకులు. వాటినే మంగుళూరు పెంకులంటాం. బాసెల్ మిషన్ వాళ్లు 1865లో మంగుళూరులో మొదలుపెట్టిన కార్ఖానా పుణ్యాన దేశమంతా పాకాయి. చలికి పెంకు పరవాలేదు. పెంకుకీ పెంకుకీ మధ్య సందుల్లోంచి పొగ, ఆవిరి పోతాయి. కానీ కోతులు, గాలివాన, పగుళ్లు ఉంటాయి. ఏటా పెంకు సర్దాలి, సర్దే చెయ్యి ఊళ్లో ఉండాలి. పైగా ఆ బరువుకి లావు కలప కావాలి, కలపకి మళ్లీ గార్డు కావాలి.

అందుకని రేకు సులువనిపించింది. ముడతల ఇనప రేకు ఇంగ్లండులో పుట్టింది. లండన్ రేవులో పనిచేసే హెన్రీ పామర్ అనే ఇంజనీరు 1829లో దానికి పేటెంటు తీసుకున్నాడు. కాగితాన్ని ముడతలు పెడితే గట్టిపడుతుంది కదా, అదే కిటుకు. తర్వాత 1837లో ఫ్రాన్సులో జింకు పూత పూసే పద్ధతి వచ్చింది. జీఐ రేకంటే అదే. తేలిక, తొందర, కోతులకి పగలదు. మోసుకుపోయే మనిషి ఉంటే ఏ కొండకైనా చేరుతుంది.

కానీ చలిలో రేకు సంగతి మనకి అనుభవమే. వాన లేకుండా ఇంట్లో వాన పడుతుంది. లోపల మనుషుల ఊపిరి, ఉడికే అన్నం, పొయ్యి నుంచి వచ్చే ఆవిరి పైకి పోతుంది. బయట రేకు మంచులా ఉంటుంది. చల్లటి చెంబు మీద నీటిబొట్లు పట్టినట్టు రేకు అడుగున చెమ్మ పట్టి, తెల్లారేసరికి దుప్పటి మీద చుక్కలు పడతాయి. మా చిన్నప్పుడు రేకు కారుతోందని తారు పూయించేవాళ్లు. రేకులో చిల్లు లేదు. కింద గాలి ఆడే దారి లేదు, తడక లేదు. గడ్డి, పొయ్యి, అటక కలిసి చేసే పనిని ఒక్క రేకు చెయ్యలేదు.

ఇక సిమెంటు రేకు. 1940ల్లోనే హైదరాబాదులో దీని కంపెనీ మొదలైంది. ఇనపరేకు కంటే ఎండకి కాస్త చల్లగా, వానకి చప్పుడు తక్కువగా ఉంటుందని ఊరూరా చేరింది. ఇందులో కలిపేది ఆస్బెస్టాస్ అనే రాతి నార. ఒకప్పుడు మన కడప జిల్లా పులివెందుల వైపు కూడా దాని గనులుండేవి. దేశంలో తవ్వకం ఆగిపోయినా, దిగుమతి సరుకుతో రేకులు తయారవుతూనే ఉన్నాయి. అన్ని రకాల ఆస్బెస్టాస్ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. పీల్చిన దుమ్ము ప్రభావం ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత బయటపడొచ్చు. రేకు కదలకుండా ఉన్నంతకాలం ప్రమాదం తక్కువ. కోసినప్పుడు, చిల్లు పెట్టినప్పుడు, పగలగొట్టినప్పుడు లేచే దుమ్ముతోనే అసలు ముప్పు. మనూళ్లలో పగిలిన సిమెంటు రేకుల మీద పిల్లలు ఆడుకుంటున్నారు, ఆడవాళ్లు ఆ ముక్కలతో బానలకి మూతలు పెడుతున్నారు. దయచేసి ఆపించండి. పాత రేకు దించాల్సివస్తే తడిపి, పగలకుండా, ముక్కుకి గుడ్డ కాదు మంచి మాస్కు కట్టుకుని దించాలి. మిషను కట్టరుతో అసలు కోయించొద్దు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన కొండల మీంచి పోయిన రాత్రి గుర్తుందా? కాఫీ తోటల్లో సిల్వర్ ఓకులు విరిగిపడ్డాయి, రేకులు ఎగిరి పొలాల్లో తేలాయి. మా ఊళ్లో ఎగరని రేకులు కూడా ఉన్నాయి. తేడా ఏమిటని తర్వాత చూస్తే బోల్టులే. కొందరికి రేకుకి రెండేసి మేకులు కొట్టి పోయారు, కొందరికి ప్రతి పెండె దగ్గరా హుక్కు బోల్టు వేశారు. కొన్నది ఒకే రేకు. వేసిన చెయ్యి వేరు.

చట్టంలో కాంట్రాక్టరు లేడు

ఇప్పుడు అసలు సంగతి. ఇందిరా ఆవాస్ యోజన 1985–86లో మొదలైంది. 2016 నుంచి ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ అయింది. మైదానంలో ఇంటికి 1.20 లక్షలు, కొండ ప్రాంతాల్లో 1.30 లక్షలు. ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లు. పీవీటీజీల కోసం 2023 నవంబరు 15న మొదలైన పీఎం జన్‌మన్‌లో ఇంటికి 2 లక్షలు. మన దగ్గర ఖోండు, పోర్జా, గదబ తెగల కుటుంబాలు చాలా దీని కిందకి వస్తాయి.

ఆవాస్ యోజన మార్గదర్శకాలు ఎంతమంది చదివారు? అందులో స్పష్టంగా ఉంది. ఇల్లు లబ్ధిదారు తానే కట్టుకోవాలి, లేదా తన పర్యవేక్షణలో కట్టించుకోవాలి. ఈ ఇళ్ల కోసం ప్రభుత్వం తరఫున కాంట్రాక్టరుని పెట్టకూడదు. ఇందిరా ఆవాస్ రోజుల నుంచీ ఇదే మాట. ముసలివాళ్లు, వికలాంగులు సొంతంగా కట్టించుకోలేకపోతే, మేస్త్రీ శిక్షణ కార్యక్రమంలో భాగంగా కట్టించే వీలు కూడా ఉంది. మా అత్తలాంటి వాళ్ల కోసం ఆ వాక్యం అక్కడ ఉంది. కానీ ఆ వాక్యం అత్త దాకా ఎప్పుడూ రాలేదు.

మరి జరిగేదేమిటి? మంజూరు జాబితా వచ్చిన వారానికే ఒకతను బండేసుకుని వస్తాడు. "ఆఫీసులో నేనే చూసుకుంటాను, బిల్లులు నేనే పెట్టిస్తాను, మీరు వేలిముద్ర వేస్తే చాలు" అంటాడు. బ్యాంకు పుస్తకం, ఆధారు తీసుకుంటాడు. పునాదికి ఒక విడత, గోడలకి ఒక విడత పడగానే డబ్బు డ్రా చేయిస్తాడు. ఇటుక ఎంతకి కొన్నాడో, సిమెంటు ఎన్ని బస్తాలు పడిందో ఇంటివాళ్లకి తెలీదు. ఇల్లు వాళ్లది, స్థలం వాళ్లది, నీళ్లు మోసిన చెమట వాళ్లది. లెక్క పుస్తకం మాత్రం వేరేవాడిది. కలప రోజుల కథే, కొత్త బట్టలు కట్టుకుని వచ్చింది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. తప్పంతా అతనిదే కాదు. గడ్డి కప్పు వేసే చెయ్యి మన దగ్గర ఉండేది, శ్లాబు పోసే చెయ్యి మనం తయారుచేసుకోలేదు. డిగ్రీలు చదివాం, బీఈడీలు చదివాం, కానీ మేస్త్రీ పని నేర్చుకోవడం చిన్నతనమనుకున్నాం. ఊరి పని పోయింది, ఊరి మేస్త్రీ రాలేదు. ఆ ఖాళీలోకి అతను వచ్చాడు.

చలి లెక్క

అత్త శ్లాబు ఎందుకు దిగిందో తెలుసుకోవడానికి మాలో సివిల్ డిప్లొమా చదివే తమ్ముడు కాంక్రీటు పనికి మన దేశంలో వాడే ప్రమాణం ఐఎస్ 456 తీసి చదివి వినిపించాడు. చిన్న గదుల శ్లాబు కింద, అంటే 4.5 మీటర్ల లోపు వెడల్పుకి, ఆనుడు కర్రలు 7 రోజులు ఉంచాలని అందులో ఉంది. కాంట్రాక్టరు ఎనిమిదో రోజు తీశాడు. అతను కరెక్టే అనిపిస్తుంది కదా? అయితే ఆ 7 రోజుల మాటకి షరతులున్నాయి. చుట్టూ ఉష్ణోగ్రత 15 డిగ్రీల కంటే దిగకూడదు. మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు వాడి ఉండాలి. సరిగ్గా నీళ్లు పట్టి ఉండాలి. చలి ఎక్కువైనా, వేరే సిమెంటు వాడినా రోజులు పెంచుకోవాలి.

డిసెంబర్లో మన దగ్గర రాత్రి 15 డిగ్రీలు ఉంటుందా? ఎనిమిది ఉంటే సంతోషం. సిమెంటు నీళ్లతో కలిసి గట్టిపడటం ఒక రసాయనిక చర్య, చలికి అది నెమ్మదిస్తుంది. 5 డిగ్రీల కిందికి పోతే దాదాపు నిద్రపోతుంది. దానికి తోడు ఇప్పుడు దొరికే బస్తాల్లో చాలావాటి మీద పీపీసీ, పీఎస్‌సీ అని ఉంటుంది, బూడిదో స్లాగో కలిపిన సిమెంటు. మంచిదే, కాకపోతే మొదటి రోజుల్లో బలం మెల్లగా వస్తుంది. అంటే కింద ఏడు రోజుల్లో వచ్చే బలం మన చలిలో ఏడు రోజుల్లో రాదు. కాంట్రాక్టరుకి పని వచ్చు. మన చలి రాదు. సెంట్రింగు సామాను అద్దె రోజుకింత అని కడుతున్నాడు, తొందరగా తీస్తే అతనికి లాభం. అతని లెక్కకీ మన చలి లెక్కకీ కుదరలేదు, మధ్యలో శ్లాబు వంగింది.

ఇక మనం చెయ్యాల్సింది

పదకొండు ఇళ్ల వాళ్లూ కూర్చుని మేం రాసుకున్నవి ఇవి. మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి.

1. మేస్త్రీని మాటల్ని బట్టి కాదు, అతను వేసిన కప్పుని బట్టి ఎంచుకోవాలి. కనీసం రెండు చలికాలాలు దాటిన ఇళ్లు రెండు చూపించమనండి. అవి కొండ మీద ఇళ్లే అయ్యుండాలి. తెల్లారుజామున వెళ్లి అడుగున చెమ్మ చూడండి, వానలో వెళ్లి కారుడు చూడండి. ఇంటి ఆడవాళ్లని అడగండి, వాళ్లు నిజం చెబుతారు.

2. సామాను మనమే కొనాలి, బిల్లు మన పేరు మీదే ఉండాలి. మేస్త్రీకి పని వరకే ఒప్పందం. బ్యాంకు పుస్తకం, ఏటీఎం కార్డు, వేలిముద్ర ఎవరికీ ఇవ్వొద్దు.

3. ఒప్పందం కాగితం మీద, తెలుగులో, ఊరి పెద్దల సంతకాలతో ఉండాలి. బయానా కొద్దిగా, మిగతాది పని జరిగే కొద్దీ. కొంత సొమ్ము మొదటి వానలు పోయేదాకా ఆపుకోవాలి. ఈ మాటకి ఒప్పుకోని మేస్త్రీ తన పనిని తానే నమ్మట్లేదన్నట్టు.

4. శ్లాబు వీలైతే ఫిబ్రవరి, మార్చిల్లో పోయండి. చలికాలమే తప్పకపోతే పొద్దున్నే మొదలుపెట్టి మధ్యాహ్నానికి ముగించాలి, రాత్రి గడ్డీ గోనెపట్టాలూ ప్లాస్టిక్ పట్టా కప్పాలి. సెంట్రింగు రెండు వారాల లోపు తీయొద్దు, మూడు వారాలైతే నిశ్చింత. తీసేముందు హౌసింగు ఇంజనీరుకి చూపించండి. ఎన్ని రోజులుంచాలో, అదనపు అద్దె ఎవరిదో ముందే కాగితంలో రాయించండి. గొడవంతా అక్కడే వస్తుంది. చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానం వాళ్లు చెప్పే ఉష్ణోగ్రత చూసుకుని రోజు ఎంచుకోండి.

5. రేకు వేస్తే మందం ఎంతో కాగితంలో ఉండాలి. బోల్టు ముడత పైన పడాలి, గుంతలో కాదు, వాషరు లేకుండా వేయొద్దు. కిందా పైనా రేకులు ఒకదాని మీద ఒకటి కనీసం జానెడు ఎక్కాలి. చూరు, అంచుల దగ్గర బోల్టులు ఎక్కువ, గాలి లేపేది అక్కడే. రేకు కింద జానెడు సందు వదిలి వెదురు తడక కట్టి మట్టి మెత్తితే చుక్కలు పడవు, వెచ్చగా ఉంటుంది. శిఖరం దగ్గర గాలి పోయే దారి వదలాలి. తడక అల్లే చేతులు మన ఊళ్లలో ఇంకా ఉన్నాయి.

6. ఊరికి ఇద్దరు కుర్రాళ్లు మేస్త్రీ పని నేర్చుకోవాలి. మా ఊళ్లో ఇద్దరు ముందుకొచ్చారు. ఒకడు డిగ్రీ చదివినోడే. వాళ్లమ్మ మొదట ఏడ్చింది, ఇప్పుడు తన శ్లాబు వాడే పోస్తానంటే నవ్వుతోంది.

ఇంకొకటి. 2006 అటవీ హక్కుల చట్టం వెదురుతో సహా చిన్నతరహా అటవీ ఫలసాయం మీద మనకి హక్కిచ్చింది. 1882లో పోయింది 124 ఏళ్ల తర్వాత కాగితం మీద తిరిగొచ్చింది. గడ్డిల్లు మళ్లీ కట్టుకోమని మేం అనట్లేదు. తడకకి వెదురు కోసుకోవడానికి ఎవరికీ భయపడక్కర్లేదని గుర్తుచేస్తున్నాం. గ్రామసభలో ఆ హక్కు నమోదు చేయించుకోండి.

పోయిన వారం పదకొండు ఇళ్ల వాళ్లం ఒక తీర్మానం రాసుకున్నాం. శ్లాబు పోసే రోజున ఏ ఇంటికైనా మిగతా పది ఇళ్ల నుంచి ఒక్కో మనిషి వెళ్లాలి. కూలి లేదు, అంబలి ఉంటుంది. మొట్టమొదటి పని అత్త ఇంటిది. హౌసింగు ఇంజనీరుని పిలిచి శ్లాబు చూపించాం. నిలబెట్టొచ్చా, పగలగొట్టి మళ్లీ పోయాలా అన్నది వాళ్లు రాతపూర్వకంగా చెప్పాలి. మళ్లీ పోయాల్సివస్తే ఈసారి ఫిబ్రవరిలో పోస్తాం, ఊరి చేతుల్తో పోస్తాం. చందా కూడా మొదలైంది.

ఆ కాంట్రాక్టరు నిన్న మళ్లీ ఫోన్ చేశాడు. అత్తే ఎత్తింది. "బాబూ, ముందొచ్చి మా ఇంట్లో ఒక రాత్రి పడుకో. తర్వాత మాట్లాడదాం" అంది.

మీ ఊళ్లో కప్పులు ఎవరు వేస్తున్నారో, ఎలా ఉంటున్నాయో రాయండి. మంచి మేస్త్రీ ఉంటే ఆ మేస్త్రీ దగ్గరికి మా ఇద్దరు కుర్రాళ్లని పంపిస్తాం.

జోహార్.